సైలెన్సరు స్టడ్డే ఎందుకు విరుగుతుంది?

ఇంజను ఒకటే, వయసూ ఒకటే. కింద ఆయిల్ చాంబరు బోల్టులు నలభై ఏళ్ల తర్వాత కూడా పానా తగిలించగానే కదులుతాయి. పైన హెడ్డు బోల్టులు కాస్త మొరాయించి, కిర్రుమని వచ్చేస్తాయి. సైలెన్సరు వైపున్న రెండు మూడు నట్ల దగ్గరికి వచ్చేసరికే కథ మారిపోతుంది. బలమంతా పెట్టి లాగితే ఉన్నట్టుండి చెయ్యి తేలికవుతుంది. నట్టు వదిలిందని సంతోషించేలోపే తెలుస్తుంది, స్టడ్, అంటే ఇంజను గోడలో దిగి ఉండే తల లేని మరల కడ్డీ, సగానికి తెగి నట్టుతో పాటు చేతికొచ్చిందని. మిగతా సగం ఇంజను గోడలో, పట్టుకునే వీల్లేకుండా ఉండిపోతుంది.

అమెరికాలో గార్డెన్ ట్రాక్టర్లు వాడేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ఇంటి చుట్టూ ఎకరం, రెండెకరాల గడ్డీ కూరగాయల మడులూ ఉన్నవాళ్ల కోసం పుట్టిన చిన్న ట్రాక్టరు అది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కబ్ క్యాడెట్‌ను తెచ్చింది. దానికి 7 హార్స్‌పవర్ కోలర్ ఇంజను. 1963లో జాన్ డీర్ తన 110 మోడల్‌తో వచ్చింది. ఆ కాలపు బండ్లు ఇంకా చాలా చోట్ల గడ్డి కోస్తూనే ఉన్నాయి. ఇంజను నిక్షేపంగా ఉండగా, వేలెడంత స్టడ్ ఒకటి తెగితే మొత్తం బండి షెడ్డు మూలన పడుతుంది. మామిడి, బత్తాయి తోటల్లో తిరిగే మన మినీ ట్రాక్టర్లకూ, వరి మళ్లలో దిగే పవర్ టిల్లర్లకూ ఇదే గతి. లోహాలు అవే, వేడి అదే, తుప్పు అదే.

స్టడ్ విరిగితే చాలామంది బలం ఎక్కువ పెట్టామని అనుకుంటారు. తీయలేకపోతే బలం చాలలేదని అనుకుంటారు. ఈ రెండు ఆలోచనలూ బలం చుట్టూనే తిరుగుతాయి. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు: మనం పెట్టిన బలం ఎక్కడికి పోయింది?

నిప్పూ నీళ్లూ ఒకే గొట్టంలో

ముందు ఆ స్టడ్ బతుకు ఎలాంటిదో చూడాలి. ఇంజను లోడు మీద ఉన్నప్పుడు మానిఫోల్డులోకి, అంటే ఇంజను నుంచి సైలెన్సరుకు పొగను చేర్చే గొట్టంలోకి, దూకే పొగ వేడి 600 డిగ్రీల సెల్సియస్‌ దాటగలదు. ఇంజను ఆపితే అరగంటలో అంతా చల్లబడుతుంది. మర్నాడు మళ్లీ మొదలు. ఇంజనులో ఇంకే బోల్టూ ఇంత వేడికీ ఇంత చల్లదనానికీ మధ్య రోజూ ఊగిసలాడదు.

వేడి ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండేది కాదు. నీళ్లు కూడా ఉన్నాయి. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండినప్పుడు నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా సైలెన్సరు గుండా బయటికి పోతుంది. ఇంజను బాగా వేడెక్కి గంటసేపు నడిస్తే ఆ ఆవిరి ఎక్కడా నిలవదు. పది నిమిషాలు నడిపి ఆపేస్తే మాత్రం చల్లటి లోహం మీద చెమ్మగా దిగుతుంది. చెమ్మ, వేడి, గాలి మూడూ చేరిన చోట ఇనుము ఎంతో కాలం ఇనుముగా ఉండదు.

తుప్పు పట్టిన ఇనుము తాను మునుపు ఆక్రమించిన చోటుకు కనీసం రెండింతల చోటు అడుగుతుంది. స్టడ్ మరలకూ రంధ్రంలోని మరలకూ మధ్య తయారీలోనే సన్నని సందు ఉంటుంది. అది ఉంటేనే స్టడ్ తిరుగుతుంది. తుప్పు ముందు ఆ సందును నింపుతుంది. తర్వాత కూడా పెరుగుతూ రెండు వైపులా గోడల్ని నెడుతుంది. స్టడ్ ఉక్కుదై, హెడ్డు అల్యూమినియందైతే ఇంకో చిక్కు. తడిలో ఈ రెండు లోహాలూ కలిస్తే చిన్న బ్యాటరీ ఏర్పడి అల్యూమినియమే ముందు కరుగుతుంది. కరిగిన చోట తెల్లని పొడి గట్టిగా కూరుకుంటుంది. ఎర్ర తుప్పు కనిపించలేదు కదా, స్టడ్ సులభంగా వస్తుందని అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

ఇక వంపు సంగతి. మూడు సిలిండర్ల మినీ ట్రాక్టరులో పాతిక సెంటీమీటర్ల మానిఫోల్డు ఉందనుకోండి. అది తను ఆనుకున్న హెడ్డు కన్నా 400 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, హెడ్డు కన్నా దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు సాగుతుంది. చల్లబడితే వెనక్కి వస్తుంది. ఆ మిల్లీమీటరు భారమంతా చివర ఉన్న స్టడ్‌ల మీద పడుతుంది. అందుకే మధ్య స్టడ్‌ల కన్నా ముందు చివరివి తెగుతాయి. మానిఫోల్డు చెవుల రంధ్రాలు స్టడ్ కన్నా కాస్త పెద్దగా ఉండేది కూడా ఇందుకే. ఆ ఖాళీని మసీ తుప్పూ పూడ్చేస్తే లోహం జారడానికి చోటుండదు, స్టడ్ వంగాల్సిందే. ఒకే సిలిండరు ఉన్న గార్డెన్ ట్రాక్టరులో పొడవు సమస్య తక్కువ, అదురు ఎక్కువ. బరువైన సైలెన్సరు కింద ఆధారం లేకుండా వేలాడుతూ ఉంటే, ప్రతి పేలుడుకూ స్టడ్ ఒకసారి వంగి లేస్తుంది.

పెట్టిన బలం ఏమైపోయింది?

బాగున్న నట్టును బిగించేటప్పుడే మన చేతి బలంలో దాదాపు సగం నట్టు అడుగున రాపిడికి ఖర్చవుతుంది. ఇంకో నలభై శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. స్టడ్‌ను సాగదీసి రెండు భాగాల్నీ కలిపి పట్టి ఉంచే అసలు పనికి మిగిలేది పది శాతం. అంటే కొత్త నట్టు దగ్గరే రాపిడిది పైచేయి. తుప్పు పట్టాక ఆ రాపిడి అనేక రెట్లవుతుంది.

ఇప్పుడు విప్పడానికి పానా వేశాం. నట్టు స్టడ్‌కు అతుక్కుపోయింది. స్టడ్ అడుగు భాగం ఇంజను గోడకు అతుక్కుపోయింది. పైన తిరుగుతోంది, కింద తిరగడం లేదు. మధ్యలో ఉన్న కాస్త ముక్క మెలిపడుతుంది. మరల గాడి అడుగున లోహం సన్నగా, మూల పదునుగా ఉంటుంది కాబట్టి ఒత్తిడంతా అక్కడే గుమిగూడుతుంది. తెగేది సాధారణంగా గోడ ముఖం దగ్గర, మొదటి చుట్టులో.

ఎంత బలానికి తెగుతుంది? 8 మిల్లీమీటర్ల మామూలు ఉక్కు స్టడ్ కొత్తదైతే, అడుగు పొడవు పానా చివర 12 నుంచి 15 కిలోల బరువు వేలాడదీసినంత బలానికే తెగే స్థితికి వస్తుంది. ఎదిగిన మనిషి ఒంటి చేత్తో, పెద్దగా శ్రమ లేకుండా పెట్టగల బలం అది. పైగా మెలిక తట్టుకునే శక్తి స్టడ్ మందపు ఘనాన్ని (మూడో ఘాతాన్ని) బట్టి మారుతుంది: తుప్పు తిని మందం పదో వంతు తగ్గితే శక్తి నాలుగో వంతుకు పైగా పోతుంది. పానాకు పొడవాటి పైపు తొడిగి లాగడం ఇక్కడ మంచిది కాదు. పైపు తొడిగితే స్టడ్ ఎంత మెలిపడుతోందో చేతికి తెలియడం ఆగిపోతుంది.

కాబట్టి నట్టు మొదటిసారి మొండికేసిన క్షణమే ఆగాలి. కొంచెం బిగించే వైపు తిప్పి, మళ్లీ విప్పే వైపు తిప్పి, అటూ ఇటూ ఆడించాలి. అరచుట్టు కదిలినా తుప్పు పొర పగిలి పొడి అవుతుంది, నూనెకు దారి దొరుకుతుంది. కదిలింది కదా అని ఒకే దిక్కుగా లాగేస్తే ఆ పొడి ముందు చుట్లలో కూరుకుని మళ్లీ పట్టేస్తుంది.

బాక్సు: విరిగిన ముఖం ఏం చెబుతుంది?
తెగిన స్టడ్ ముక్కను పారేయకండి, వెలుతురులో చూడండి. ముఖం అంతా కొత్త లోహంలా మెరుస్తూ, సుడి తిరిగినట్టు గీతలుంటే అది మీ పానా కిందే తెగింది. లోపలి సగం గట్టిగా పట్టేసి ఉంటుంది, తీయడం కష్టం. ముఖంలో కొంత భాగం నున్నగా, సన్నని వంపు గీతలతో, గోధుమ రంగు పట్టి ఉండి మిగతా భాగం గరుకుగా ఉంటే పగులు చాలా రోజుల కిందటే మొదలైంది. అదురుకు వంగి వంగి అలసి తెగిన స్టడ్ అది. దాని లోపలి సగం మీద మెలిక భారం పడలేదు కాబట్టి అది కాస్త తేలిగ్గా రావచ్చు. కానీ ఎందుకు వంగిందో కనిపెట్టకుండా కొత్తది వేస్తే అదీ తెగుతుంది.

వేడితో రెండు దారులు

నూనె పోసి రాత్రంతా నానబెట్టడం మంచి అలవాటే. మన షెడ్లలో కిరోసిన్ పోస్తారు, డీజిల్ పోస్తారు. డబ్బాల్లో వచ్చే స్ప్రేలూ ఉన్నాయి. వాటిలో పేరున్న డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలో తయారు చేసింది చెమ్మను తరిమి తుప్పు రాకుండా చూడటానికి. ఏ నూనె అయినా తుప్పును కరిగించదు, సందుల్లోకి పాకుతుందంతే. సందే పూడిపోయి ఉంటే పాకడానికి దారి ఎక్కడ? ఆ దారి తెరిచేది వేడి.

వేడి దగ్గర మెకానిక్కులు రెండు జట్లుగా విడిపోతారు. స్టడ్ చుట్టూ ఉన్న లోహాన్ని కాల్చాలని ఒకరు, స్టడ్‌నే ఎర్రగా కాల్చాలని ఇంకొకరు. రెండూ ఒకదానికొకటి పొసగని మాటల్లా వినిపిస్తాయి. రెండూ పనిచేస్తాయి, కారణాలే వేరు.

మొదటి దారిని మన కమ్మర్లు తరతరాలుగా వాడారు. ఎడ్లబండి చెక్క చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవారికి ఇది కొత్త కాదు. చక్రం కన్నా పట్టాను కాస్త చిన్నగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. కాలిన పట్టా చుట్టుకొలత పెరిగి చక్రం మీదికి దిగుతుంది. నీళ్లు చల్లగానే ముడుచుకుని చెక్కను బిగించేస్తుంది. ఇనుప వలయం కాలితే దాని లోపలి ఖాళీ కూడా పెరిగిందని గమనించండి. రంధ్రం చుట్టూ ఉన్న లోహం ఉబ్బి రంధ్రాన్ని మూసేస్తుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. లోహం అన్ని దిక్కులా ఒకే నిష్పత్తిలో సాగుతుంది, అందులోని రంధ్రమూ దాంతో పాటే పెద్దదవుతుంది.

హెడ్డు అల్యూమినియందైతే ఈ దారి మనకు బాగా కలిసొస్తుంది. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. హెడ్డునూ స్టడ్‌నూ కలిపి 150 డిగ్రీలు పెంచితే 8 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 0.028 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్టడ్ 0.014 మాత్రమే పెరుగుతుంది. మిగిలే సందు మిల్లీమీటరులో వందో వంతు కన్నా కొంచెం ఎక్కువ. వినడానికి ఏమీ లేనట్టుంది. మరల మధ్య మొదట ఉన్న సందు కూడా అంతకు మరీ ఎక్కువేం కాదు, కాబట్టి ఆ వందో వంతే పట్టు వదిలించడానికి సరిపోవచ్చు. జాగ్రత్త ఒకటుంది: అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, ఇంజన్లలో వాడే మిశ్రమాలు ఇంకా ముందే మెత్తబడతాయి, కరిగేముందు ఎర్రబడి హెచ్చరించవు. టార్చిని ఒకచోట నిలపకుండా తిప్పుతూ, నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోయేంత వేడి దగ్గరే ఆగాలి.

పోత ఇనుప బ్లాకు అయితే ఈ లెక్క కుదరదు. పోత ఇనుము, ఉక్కు దాదాపు సమానంగా సాగుతాయి, రెండూ కలిసి వేడెక్కితే సందు పెద్దగా రాదు. ఇక్కడ రెండో దారి పట్టాలి.

ఈ దారిలో స్టడ్‌నే ఎర్రగా కాలుస్తాం, చుట్టూ గోడ చల్లగానే ఉంటుంది. ఎర్రబడిన స్టడ్ ఉబ్బాలని చూస్తుంది. 600 డిగ్రీల తేడాకు 8 మిల్లీమీటర్ల స్టడ్ సుమారు 0.06 మిల్లీమీటర్లు లావవ్వాలి. గోడ ఒప్పుకోదు. 700 డిగ్రీల దగ్గర ఉక్కు బలం చల్లని ఉక్కు బలంలో నాలుగో వంతుకు పడిపోతుంది. మెత్తబడిన స్టడ్, గట్టిగా ఉన్న గోడ. పక్కలకు పోలేని స్టడ్ నిలువునా నలిగి పొడవు వైపు జరుగుతుంది, మధ్యలో తుప్పు పొర నలిగి చిట్లుతుంది. చల్లబడ్డాక స్టడ్ మామూలుగానే ముడుచుకుంటుంది, కానీ ఇప్పుడు అది ముందున్న స్టడ్ కాదు. కాస్త సన్నబడింది. కాలుతున్నప్పుడు మరింత బిగిసింది, చల్లారాక వదిలింది. ఎర్రగా ఉండగానే తిప్పబోయి మెత్తని స్టడ్‌ను మెలిపెట్టి తెంపుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఈ వరసే.

పోత ఇనుము పెళుసు. ఒకచోటే ఎర్రబడి పక్కన చల్లగా ఉంటే, లేక వేడి మీద నీళ్లు పోస్తే పగులుతుంది. దానంతట అది చల్లారాలి. చల్లారుతుండగా, చేయి పెట్టలేనంత వేడి ఇంకా ఉన్నప్పుడు స్టడ్ మొదలుకు కొవ్వొత్తి తాకించండి. మైనం నీరులా కరిగి సందులోకి దిగిపోతుంది. నూనెలా పొగలై పోకుండా లోపలే నిలిచి మరలకు జారుడునిస్తుంది.

తెగిన ముక్కకు నట్టు అతికించడం

ముక్క గోడ ముఖానికి సమంగా తెగితే పట్టుకోవడానికేమీ ఉండదు. అప్పుడు మంచి వెల్డరు చేసే పని నాకు అన్నింటికన్నా నచ్చుతుంది. తెగిన ముక్క మీద వాషరు ఉంచి దాని రంధ్రంలో వెల్డింగు నింపుతాడు. ఆ ముద్ద మీద నట్టు ఉంచి లోపల మళ్లీ నింపుతాడు. తిప్పడానికి కొత్త తల దొరికింది. అంతకన్నా విలువైనది ఇంకోటి జరిగింది: వెల్డింగు వేడి నేరుగా స్టడ్ కడుపులోకే దిగింది, గోడ అంతగా వేడెక్కలేదు. పైన చెప్పిన రెండో దారి తనంతట తానే నడిచిపోయింది. నట్టు ఒకటి రెండు సార్లు ఊడివచ్చినా నిరాశ పడనక్కర్లేదు. ప్రతిసారీ స్టడ్ మరోసారి కాలి, మరోసారి సన్నబడుతుంది.

అల్యూమినియంకు ఉక్కు వెల్డింగు అంటుకోదు, కాబట్టి ముక్క కాస్త లోపలికి తెగినా నేర్పున్న చేయి ధైర్యంగా నింపగలదు. పోత ఇనుముకు మాత్రం అంటుకుంటుంది. అక్కడ వాషరు గోడకు అడ్డుగా ఉండి తీరాలి.

ఈ పనికి ముందు బ్యాటరీ తీగ విప్పాలి, పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన లోహాన్ని వెల్డింగు చేయకూడదు. ఆ ద్రవం మంట వేడికి విడిపోయి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది. ఇది అతిశయోక్తి కాదు.

డ్రిల్లు, ఈజీ అవుట్

వెల్డింగు కుదరకపోతే డ్రిల్లు. ఇక్కడ పనంతా బిట్టు సరిగ్గా మధ్యలో దిగేలా పెట్టే మొదటి చుక్కలోనే ఉంది. తెగిన ముఖం ఎగుడుదిగుడు, అందులోనూ స్టడ్ ఉక్కు చుట్టూ ఉన్న లోహం కన్నా గట్టిది. బిట్టు గట్టిదాన్ని వదిలి మెత్తదాని వైపు జారుతుంది, కాబట్టి ముఖాన్ని ముందు చదును చేయాలి. మానిఫోల్డునో, అదే కొలతల రంధ్రాలున్న మందపాటి పలకనో తిరిగి బిగించి, దాని రంధ్రంలో సరిగ్గా పట్టే గొట్టం దోపి, ఆ గొట్టం గుండా బిట్టు దింపితే మధ్య బిందువు తప్పదు. ఎడమవైపు తిరిగే బిట్లు దొరికితే ఇంకా మంచిది. తొలిచే దిక్కే విప్పే దిక్కు కాబట్టి, వేడెక్కిన ముక్క ఒక్కోసారి బిట్టుతో పాటే తిరిగి బయటికి వస్తుంది.

ఈజీ అవుట్ మీద నాకు సదభిప్రాయం లేదు. తెగిన ముక్కను తీయడానికి, తొలిచిన రంధ్రంలోకి మరలాగా తిరుగుతూ దిగే ఆ సాధనం చివరికి సన్నబడే ఆకారంలో ఉంటుంది. లోపలికి దిగేకొద్దీ ముక్కను చీలిక వేసి వెడల్పు చేస్తుంది. అప్పటికే గోడకు అతుక్కున్న స్టడ్ ఇంకా గట్టిగా గోడకు నొక్కుకుంటుంది. కొత్తగా, వదులుగా తెగిన బోల్టుకు అది పనికొస్తుంది. తుప్పుకు పట్టేసిన సైలెన్సరు స్టడ్‌కు పనికిరాదు. పైగా అది గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగిందంటే మామూలు బిట్టు ఏదీ దాన్ని తొలవలేదు.

డ్రిల్లు మధ్యలోనే దిగితే 8 మిల్లీమీటర్ల స్టడ్‌కు 6.8 మిల్లీమీటర్ల వరకు పెంచుకుంటూ పోవచ్చు. అప్పటికి స్టడ్ పోయి దాని మరల చుట్టు మాత్రం స్ప్రింగులా మిగులుతుంది. సూదిమొన ఉలితో లాగి, ట్యాపుతో (మరలు కోసే పనిముట్టుతో) శుభ్రం చేస్తే పాత మరలే దక్కుతాయి. పక్కకు పోయిందా, రంధ్రం పెద్దది చేసి స్టెయిన్‌లెస్ తీగ చుట్టతో కొత్త మరలు కట్టడమే. అల్యూమినియంలో ఆ తీగ మరలు మొదటివాటి కన్నా గట్టిగా నిలుస్తాయి కాబట్టి దాన్ని ఓటమిగా చూడనక్కర్లేదు.

బాక్సు: పటిక, నిప్పురవ్వ
ఇత్తడి పలకలో చిన్న ఉక్కు స్క్రూ తెగితే గడియారాలు బాగుచేసేవాళ్లు దాన్ని వేడి పటిక నీళ్లలో ఉంచుతారు. పటిక నీరు కొద్దిగా ఆమ్లం. ఉక్కును మెల్లగా తినేస్తుంది, ఇత్తడిని వదిలేస్తుంది. అల్యూమినియం హెడ్డులో ఇరుక్కున్న ఉక్కు ముక్కకూ ఇదే ఉపాయం వాడతారు. ఓపిక కావాలి, నీళ్లు వేడిగా ఉండాలి, పోత ఇనుప బ్లాకు దగ్గర మాత్రం వద్దు, ఎందుకంటే బ్లాకూ ఇనుమే.
లోపల విరిగిన ఈజీ అవుట్‌కు, ట్యాపుకు చివరి మందు స్పార్క్ యంత్రం. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్, నటాల్యా లజరెంకో దంపతులు నిప్పురవ్వలకు విద్యుత్ కాంటాక్టులు ఎందుకు అరిగిపోతాయో పరిశీలిస్తూ, ఆ అరుగుదలతోనే లోహాన్ని చెక్కవచ్చని గ్రహించారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ ఇలాంటి యంత్రాన్నే కట్టారు. వాళ్లు దాన్ని కట్టింది అల్యూమినియం పోత భాగాల్లో విరిగిన డ్రిల్లు బిట్లనూ ట్యాపులనూ తీయడానికి! రవ్వకు లోహం ఎంత గట్టిదన్నది పట్టదు, కరెంటు పారితే చాలు. హైదరాబాద్ బాలానగర్ టూల్ రూముల్లో ఈ యంత్రాలు రోజూ నడుస్తుంటాయి.

మళ్లీ బిగించేటప్పుడు

కొత్త స్టడ్‌ను చేత్తో తిప్పినంత మేర దింపితే చాలు, అడుగు తాకేదాకా బిగించకూడదు. మరలకు రాగి లేదా నికెల్ పొడి కలిపిన గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు ఆ వేడికి మాడి బొగ్గవుతుంది; ఇందులోనైతే గ్రీజు మాడినా మిగిలిన లోహపు పొడే మరలను విడివిడిగా ఉంచుతుంది. నట్టు ఇత్తడిదైతే ఉక్కు స్టడ్‌తో తుప్పుకు అతుక్కోదు, ఎప్పుడైనా తెగాల్సి వస్తే స్టడ్ కన్నా ముందు నట్టే అరుగుతుంది. గ్రీజు రాసిన మరల్లో రాపిడి తగ్గుతుంది కాబట్టి కంపెనీ పుస్తకంలో పొడి మరలకు ఇచ్చిన బిగింపులో దాదాపు నాలుగో వంతు తగ్గించాలి. లేకపోతే రాపిడికి పోవాల్సిన బలం స్టడ్‌ను అతిగా సాగదీస్తుంది.

మానిఫోల్డు ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుతురుకు చూడాలి. కింద నుంచి వెలుతురు కనిపిస్తే అది వంగింది, లేత్ షాపులో చదును చేయించాలి. వంగిన ముఖాన్ని బిగింపుతో దగ్గరికి లాగితే ఇంజను స్టార్టు చేయకముందే స్టడ్ వంగి కూర్చుంటుంది. చెవుల రంధ్రాల్లో మసిని గీకేసి ఖాళీ తిరిగి తేవాలి. కొత్త గాస్కెట్ వేసి, ఇంజనును ఒకసారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక నట్లను మళ్లీ చూడాలి. సైలెన్సరు బరువు మోసే బ్రాకెట్ విరిగి ఉన్నా, ఎవరో తీసి పక్కన పెట్టినా, ముందు అది బిగించాకే బండిని పనిలోకి దింపాలి.